చప్పట్ల డ్యూటీ

పదో తరగతి పిల్లలకి కుంభాకార కటకం బొమ్మ బోర్డు మీద సగం వేశానో లేదో, మా హెడ్మాస్టరు గారు చేతిలో ఒక కవరుతో తరగతి గదిలోకి వచ్చారు. ఆయన మొహం చూసి ఏదో డ్యూటీ పడిందని గ్రహించాను. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ మొహాలు చదవడం బాగా అలవాటు. జనాభా లెక్కల మొహం వేరు, ఓటర్ల జాబితా మొహం వేరు, మరుగుదొడ్ల ఫొటోలు తీయమన్నప్పటి మొహం మరీ వేరు. ఈసారి మొహం మాత్రం వాటిల్లో దేనికీ సరిపోలేదు.

"హైమవతి గారూ, మీకు జాజ్ పడిందండీ," అన్నారు.

జాజ్ అంటే కొత్తగా వచ్చిన రోగమేమో, దాని మీద సర్వే ఏమో అనుకున్నాను. "ఇంటింటికీ తిరగాలాండీ?" అని అడిగాను.

"తిరగక్కర్లేదమ్మా. కూర్చోవాలి. కూర్చుని చప్పట్లు కొట్టాలి."

కవరు విప్పాను. "విషయం: సింగరేవు అంతర్జాతీయ వినోద కేంద్రం – ప్రేక్షకుల కొరత – ఉపాధ్యాయులను ప్రేక్షక విధులకు నియమించుట – ఉత్తర్వులు జారీ చేయుట – గురించి." కింద నన్ను ప్రిసైడింగ్ ప్రేక్షకురాలిగా నియమించినట్టు, విధులకు గైర్హాజరైనచో తీవ్రమైన క్రమశిక్షణ చర్యలు తీసుకోబడునట్టు రాసి ఉంది.

ఈ కేంద్రం సంగతి కాస్త చెప్పాలి. మా సింగరేవు ఒక పాత ఓడరేవు. ఒకప్పుడు ఓడలు వచ్చేవి, ఇప్పుడు వేటపడవలు వస్తాయి. ఆ మధ్య కొందరు పెద్దలు బృందంగా విదేశాలు తిరిగొచ్చారు. అక్కడ ఒక ఊళ్ళో పాటల నాటకం చూశారట. దాన్ని మ్యూజికల్ అంటారట. ఇంకో ఊళ్ళో జాజ్ విన్నారట. ఈ రెండూ లేకపోవడం వల్లే మన రేవులో ఓడలు ఆగడం లేదని తేల్చారు. వెంటనే సముద్రం ఒడ్డున ఎనిమిది వందల కుర్చీల హాలు లేచింది. అంత పెద్ద హాలు, అంత చల్లటి హాలు మా జిల్లాలో ఇంకోటి లేదు.

తొలి ప్రదర్శనకి విదేశాల నుంచి జాజ్ బృందం వచ్చింది. చూడ్డానికి ఎనిమిది మంది వెళ్ళారు. అందులో ఇద్దరు ఆధార్ కేంద్రం అనుకుని వెళ్ళినవాళ్ళు. ఖాళీ కుర్చీలకి వంగి దండం పెడుతున్న బాకా ఆయన ఫొటో మర్నాడు పేపర్లో పడింది. కుర్చీలు మాత్రం ఫొటోలో చాలా బాగా వచ్చాయి.

దాని మీద విచారణ కమిటీ వేశారు. ప్రజల్లో "వినోద చైతన్యం" కొరవడిందని కమిటీ చెప్పింది. ఎందుకు రాలేదని ప్రజలనే అడుగుదామన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. పిలిస్తే కాదనకుండా వచ్చేవాళ్ళెవరని మాత్రం ఆలోచించారు. అప్పుడు మేం గుర్తొచ్చాం.

*

శిక్షణ తరగతి ఆ హాల్లోనే జరిగింది. చుట్టుపక్కల మండలాలన్నిటి నుంచీ పంతుళ్ళు, పంతులమ్మలు టిఫిన్ డబ్బాలతో దిగారు. ప్రతి ఒక్కరికీ ఒక హోదా ఉంది. మొదటి ప్రేక్షకాధికారి చప్పట్లు మొదలుపెట్టాలి. రెండో అధికారి "వన్స్ మోర్" అనాలి. మూడో అధికారి శాఖ భావోద్వేగాలు. నవ్వు, కన్నీళ్ళు, నిట్టూర్పు ఆయన కింద వస్తాయి. వీళ్ళందరి మీదా సూక్ష్మ పరిశీలకులు. వాళ్ళ చేతుల్లో నొక్కితే అంకె మారే చిన్న మిషన్లు ఉన్నాయి. ఎన్ని చప్పట్లు పడ్డాయో లెక్కపెట్టడం వాళ్ళ పని.

మా బళ్ళో డ్రిల్లు మాస్టారు దూలం సూరిబాబు గారికి మొదటి ప్రేక్షకాధికారి పడింది. ఆయన చెయ్యి అంత గట్టిది. ఆయన చప్పట్లు కొడితే పక్కవీధిలో కాకులు లేస్తాయి.

వేదిక మీదికి జిల్లా వినోదాధికారి చిదానందం గారు వచ్చారు. పేరు అది గానీ, ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు.

"గౌరవనీయ ప్రేక్షక సిబ్బందికి నమస్కారములు. ఆనందము అనునది వ్యక్తిగత విషయమని కొందరిలో ఒక అపోహ కలదు. సదరు అపోహ వలననే ఈ జిల్లా వినోద సూచికలో అట్టడుగున నిలిచియున్నది. ఇకపై ఆనందము శాఖాపరముగా నిర్వహింపబడును. ఏ క్షణమున ఎంత మోతాదులో ఆనందింపవలెనో తెలుపు స్వతస్సిద్ధ ప్రతిస్పందనల పట్టికను మీకు అందజేయుచున్నాము. పట్టికకు ముందుగా గానీ, తరువాత గానీ ఎవరునూ ఆనందింపరాదు."

సూరిబాబు గారు చెయ్యెత్తారు. "సార్, మరి నచ్చకపోతేనండీ?"

చిదానందం గారు పక్కనున్న గుమాస్తా వైపు చూశారు. అతను కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"నచ్చకపోవుట అను గడి ప్రొఫార్మాలో లేదు," అన్నారు చిదానందం గారు. "తదుపరి ప్రశ్న."

"జాజ్ అంటే ఏంటండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మంచి ప్రశ్న. జాజ్ అనగా ముందుగా ఏమియూ అనుకొనక, అప్పటికప్పుడు కల్పించి వాయించు సంగీతము. కావున సదరు కల్పనను మూడు ప్రతులలో వారము ముందుగా ఆమోదము నిమిత్తము సమర్పింపవలెనని బృందమును కోరియున్నాము."

ఉండబట్టలేక నేను లేచాను. "ముందే రాసిస్తే ఇంక అప్పటికప్పుడు ఎలా అవుతుందండీ?"

"మేడమ్, మీరు ఏ సబ్జెక్టు?"

"భౌతిక శాస్త్రమండీ."

"అదియే సమస్య. అప్పటికప్పుడు అను పదమునకు శాఖ నిర్వచనము ఇచ్చియున్నది. ఆమోదము లభించిన తేదీ మొదలుకొని ముప్పది దినముల లోపు జరుగునదంతయూ అప్పటికప్పుడే."

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

*

మొదటి డ్యూటీ పాటల నాటకం. సాయంత్రం ఆరింటికి ఆట అయితే మమ్మల్ని మధ్యాహ్నం రెండింటికే రమ్మన్నారు. చప్పట్ల తాలీము, కుర్చీల అప్పగింత, సంతకాలు అయ్యేసరికి అంతా పడుతుందట. అలా మధ్యాహ్నం తరగతులు పోయాయి.

తెర లేచింది. ఒక మహానగరంలో కాఫీ హోటలు. అందులో పనిచేసే ఒక కుర్రాడికి ఉద్యోగం పోయింది. ఇంటికెలా చెప్పాలా అని దిగులుపడాల్సినవాడు టేబులెక్కి పాట అందుకున్నాడు. ఆశ్చర్యమేమిటంటే అక్కడున్న నలభై మందికీ ఆ పాట వచ్చు. అందరూ ఒకేలా కాళ్ళు ఎగరేశారు. కాఫీ ఎవరూ తాగలేదు. హోటలు యజమాని కూడా పాడాడు. అంత బాగా పాడేవాడిని ఉద్యోగంలోంచి ఎందుకు తీసేశాడో చెప్పలేదు.

నాకిలాంటివి మొదటి నుంచీ ఒంటికి పడవు. మా ఇంట్లో గ్యాసు అయిపోయిన రోజున ఎవరూ పాడలేదు. మా ఆయన మాత్రం హోటల్లో తిందామన్నారు, అందులో రాగమేమీ లేదు. అలాగని నేను పాట తెలియని మనిషినీ కాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఎన్నో పద్యనాటకాలు చూశాను. అక్కడా యుద్ధం మధ్యలో ఆపి హార్మోనియం కోసం ఆగేవాళ్ళు. చచ్చి పడిపోయినవాడు కూడా జనం "వన్స్ మోర్" అంటే లేచి, మళ్ళీ పద్యం పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు. దాన్ని నేను నూటికి నూరుపాళ్ళూ నమ్మాను. దీన్నెందుకు నమ్మలేకపోయానో నాకే తెలియదు. అక్కడ వేరుశనక్కాయలు ఉండేవి, ఉత్తర్వులు ఉండేవి కావు. బహుశా అదే తేడా.

సూరిబాబు గారు ఈల వేసి మరీ చప్పట్లు మొదలుపెట్టించారు. పట్టికలో "గాఢ విషాదము" అని ఉన్నచోట మూడో అధికారి అయిన మా తెలుగు మాస్టారు వలవలా ఏడ్చేశారు. పరిశీలకుడు పరిగెత్తుకొచ్చి మెచ్చుకుంటూ రాసుకున్నాడు. తర్వాత అడిగితే, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయి వచ్చానని అప్పుడే గుర్తొచ్చిందన్నారు.

అలా వారాలు గడిచాయి. పాటల నాటకాలు వచ్చాయి, గాజుపెట్టెలో నిలబడి కదలకుండా ఉండే ఆధునిక నృత్యం వచ్చింది, రంగురంగుల దీపాల మధ్య ఒకాయన కంప్యూటరు మీద చెయ్యి పెట్టి ఊగే కచేరీ వచ్చింది. బళ్ళో మాత్రం పాఠాలు ముందుకు రాలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

ఒకరోజు నూకరత్నం అనే పిల్ల గుమ్మం దగ్గర నన్ను ఆపింది. బాగా చదివే పిల్ల. వాళ్ళ నాన్న పడవల ఇంజన్లు బాగుచేస్తాడు.

"టీచర్ గారండీ, విద్యుత్తు పాఠం ఎప్పుడు చెప్తారండీ?"

"జాజ్ అయిపోయాక చెప్తానమ్మా."

"జాజ్ ఎప్పుడైపోద్దండీ?"

ఆ రోజు హాలుకి నడిచి వెళ్తున్నంతసేపూ సిగ్గుగా అనిపించింది.

*

ఆ సాయంత్రమే తొలిసారి వచ్చి వెళ్ళిన జాజ్ బృందం మళ్ళీ వచ్చింది. ఈసారి హాలు నిండింది గనక వాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి. మేం ద్వారం దగ్గర సంతకాలు పెట్టిస్తున్నాం. అంతలో ఇస్త్రీ చొక్కా, పాత బూట్లు, చంకలో గొడుగుతో ఒక పెద్దాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, టిక్కెట్లు ఎక్కడిస్తారండి?"

"మీది ఏ మండలమండీ?" అని అడిగాను, చూపు రిజిస్టరు మీదే ఉంచి.

"మండలమేంటండి? ఈ ఊరే. రేవుపేట. నా పేరు మల్లాడి యేసురత్నమండి. షిప్పుల్లో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాను. జాజ్ వింటాకొచ్చాను."

సూరిబాబు గారు నోట్లో ఈల తీసి పట్టుకున్నారు.

"వింటానికా?" అన్నారాయన. "ఎవరు వేశారండీ మీకీ డ్యూటీ?"

"ఎవరూ వెయ్యలేదండి. నాకిష్టమండి."

టిక్కెట్ల కౌంటరు తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. పగలగొట్టి చూస్తే లోపల చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు ఉన్నాయి. టిక్కెట్లు అసలు అచ్చువేయించనే లేదు. నేను చిదానందం గారికి ఫోన్ చేశాను.

"సార్, ఒకాయన టిక్కెట్టు కొంటానంటున్నారు."

ఆయన చాలా నెమ్మదిగా అడిగారు. "ఎవరి ప్రోద్బలముతో?"

"సొంతంగానేనటండీ."

"మేడమ్, జాగ్రత్త. ఉత్తర్వు లేని వ్యక్తి ఆనందించినచో సదరు ఆనందమును ఏ పద్దు కింద చూపవలెను? మన లెక్కలన్నియూ తారుమారగును. అతనిని అనధికార శ్రోతగా నమోదు చేసి, మీ ప్రత్యక్ష పర్యవేక్షణలో ఉంచుకొనుడు."

అలా యేసురత్నం గారు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పెళ్ళిపందిట్లో పిల్లాడిలా మెడ సాచి చూస్తున్నాడు.

బాకా ఆయన పేరు మార్టిన్. పొట్టిగా, బట్టతలతో ఉంటాడు. ఆయన ఊదడం మొదలుపెట్టగానే సూరిబాబు గారు పట్టిక ప్రకారం చప్పట్లు అందుకున్నారు. ఎనిమిది వందల జతల చేతులు మోగాయి. పరిశీలకుల మిషన్లు టకటకలాడాయి. రెండో అధికారులు "వన్స్ మోర్" అని అరిచారు. బాకా ఆయన ఆగి, నవ్వి, మళ్ళీ ఊదాడు. మళ్ళీ చప్పట్లు. ఆయన నవ్వు కొంచెం తగ్గింది. మూడోసారికి అసలు లేదు.

యేసురత్నం గారు నా వైపు వంగాడు. "అమ్మగారూ, ఆయనేదో చెబ్తన్నాడండి. మీరంతా చెప్పనివ్వట్లేదు."

"మా డ్యూటీ అండీ."

"నేను కుర్రతనంలో షిప్పు దిగి, జీతమంతా పట్టుకెళ్ళి ఇలాంటి చోట కూర్చునేవాణ్ణండి. మళ్ళీ వింటానని అనుకోలేదు. ఒక్క అరగంట, ఆ చేతులు ఆపించగలరాండి?"

ఆయన గట్టిగా అడగలేదు. మందులషాపులో ఒక్క మాత్ర ఇస్తారా అని అడిగినట్టు అడిగాడు. అంతమందిలో దానికోసం వచ్చినవాడు ఆయనొక్కడే. ఆయనకే అది వినపడటం లేదు. నేను లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. అల్లరి తరగతిని ఆపేటప్పుడు ఎత్తినట్టే. ఎనిమిది వందల మందీ పంతుళ్ళే గనక ఆ సైగ ఎవరికీ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"మేడమ్ గారూ, సస్పెన్షనొస్తాదండీ!" అన్నారు సూరిబాబు గారు గుసగుసగా.

"వస్తే రానివ్వండి మాస్టారూ. చేతులు కట్టుకోండి."

హాలు చప్పుడు లేకుండా అయిపోయింది. మార్టిన్ గారు మా వైపు అనుమానంగా చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఊదాడు.

నిజం చెప్పాలంటే నాకేమీ అర్థం కాలేదు. మెట్ల మీద నుంచి స్టీలు బకెట్టు దొర్లినట్టు, దాని వెనకే ఎవరో అయ్యయ్యో అంటూ దిగినట్టు ఉంది. ఒక మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తాడు, వేరే మాట అందుకుంటాడు, మళ్ళీ వచ్చి పాతదాన్ని తలకిందులుగా చెబుతాడు. ఒకచోట యేసురత్నం గారు పకపకా నవ్వాడు. అక్కడ నవ్వాల్సిందేమిటో నాకు తెలియలేదు. కానీ మార్టిన్ గారు కళ్ళు తెరిచి, ఆయన్ని వెతికి పట్టుకుని, బాకా నోట్లో ఉండగానే నవ్వాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో వేళాకోళం నడిచింది. మా ఎనిమిది వందల మందికీ అందులో వాటా లేదు. నాకు చిన్న అసూయ కలిగింది. ఆ డ్యూటీల్లో పట్టికలో లేకుండా నాకు కలిగిన మొదటి భావం అదే.

*

మర్నాడు ఉదయమే చిదానందం గారి జీపు మా బడి ముందు ఆగింది.

"సున్నా!" అన్నారు దిగుతూనే. "ద్వితీయార్ధములో నమోదైన చప్పట్లు సున్నా! మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో..."

అంతలో ఆయన ఫోను మోగింది. వింటున్నకొద్దీ ఆయన నిటారుగా అయ్యారు. మార్టిన్ గారు పేపరువాళ్ళతో మాట్లాడాడట. ఇన్నేళ్ళలో ఇంత శ్రద్ధగా విన్న సభ ఎక్కడా చూడలేదన్నాడట. రాజధాని నుంచి అభినందనలు వస్తున్నాయట.

ఫోను జేబులో పెట్టుకుని చిదానందం గారు నాకు నమస్కారం పెట్టారు. "మేడమ్, మౌనమునకు సంబంధించిన నా దీర్ఘకాలిక ప్రణాళికను మీరు సమర్థవంతముగా అమలుపరచితిరి."

వారం తిరక్కుండా మౌన శిక్షణ మొదలైంది. గాజులు తీసి కవర్లో పెట్టి అప్పగించాలి. కిర్రుమనే చెప్పులకి ప్రవేశం లేదు. దగ్గు వచ్చేవాళ్ళు ముందుగా అనుమతి తీసుకోవాలి. తుమ్ము ఆకస్మికం గనక తర్వాత సంజాయిషీ ఇస్తే చాలు. మధ్యాహ్నం రెండింటి హాజరు మాత్రం మారలేదు. మౌనానికి మరింత తాలీము కావాలన్నారు.

యేసురత్నం గారిని వదిలిపెట్టలేదు. ఆయన ఇంటికి వెళ్ళి, శాలువా కప్పి, "ఆదర్శ శ్రోత" అని ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఇకమీదట ఏ ప్రదర్శన అయినా ఆయన వినాల్సిందే. వేదిక పక్కన ఎత్తైన కుర్చీ వేశారు. ఆయన మీద దీపం పెట్టారు. ఉత్తర్వులో ఐదో అంశం ఇది: "ప్రేక్షక సిబ్బంది యావన్మందియూ ఆదర్శ శ్రోత చేయు ప్రతి చర్యను తు.చ. తప్పక అనుసరింపవలెను."

ఆయన తల ఊపితే ఎనిమిది వందల తలలు ఊగాయి. ఆయన కాలు మీద కాలు వేసుకుంటే హాలంతా సర్దుకుంది. మొదటిరోజు ఆయనకి ఏం జరుగుతోందో తెలియలేదు. రెండో రోజు తెలిసింది. అప్పటి నుంచి కొయ్యబొమ్మలా బిగుసుకుని కూర్చున్నాడు.

తాలీముకి మధ్యలో విరామం ఇచ్చినప్పుడు మొహం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ముక్కు దురదెడితే గోక్కున్నానండి. ఎనిమిదొందల మంది గోక్కున్నారు. ఇదేం బతుకండి అమ్మగారూ? బాకా వినబడగానే గుండె దడొస్తంది. మొన్నటిదాకా ఇష్టంగా ఉండేది."

"నాకూ అంతేనండి," అన్నాను. "మా పిల్లలకి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. విద్యుత్తు పాఠం ఒక్క ముక్క చెప్పలేదు. మధ్యాహ్నం క్లాసు పెట్టుకునే టైముకి ఇక్కడ మౌనంగా కూర్చుంటున్నాను."

ఆయన గొడుగు కొనతో నేల మీద గీస్తూ కాసేపు ఆలోచించాడు.

"అమ్మగారూ, నేనేం చేస్తే మీరంతా అదే చెయ్యాలి, అవునాండి?"

"తు.చ. తప్పక."

"లేచెళ్ళిపోతే?"

నేను ఉత్తర్వు ఇంకోసారి చదివాను. కూర్చుని చేయు చర్యలని ఎక్కడా లేదు. ప్రతి చర్య అనే ఉంది. తలెత్తి ఆయన వైపు చూశాను. మెకానిక్కు అన్నవాడికి బోల్టు ఎక్కడ వదులుగా ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

"మీ బడెక్కడండి?" అని అడిగాడు.

*

మర్నాడు రాజధాని నుంచి ఉన్నతస్థాయి బృందం వచ్చింది. మౌన విధానాన్ని పరిశీలించడానికి మధ్యాహ్నం తాలీములోనే కూర్చున్నారు. చిదానందం గారు కొత్త కోటు వేసుకుని వాళ్ళ పక్కన నిలబడ్డారు. ఇంకా ఊళ్ళోనే ఆపి ఉంచిన మార్టిన్ బృందం వేదిక మీద సిద్ధంగా ఉంది. దీపం యేసురత్నం గారి మీద పడింది.

ఆయన లేచాడు. గొడుగు చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగి, కుర్చీల మధ్య దారిలో నడిచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను లేచాను. నా వెనక సూరిబాబు గారు లేచారు. తర్వాత వరసలు వరసలుగా ఎనిమిది వందల మందీ, చిన్న చప్పుడు కూడా లేకుండా లేచి నడిచాం. మౌన శిక్షణ అంత బాగా జరిగింది.

"ఆగుడు! ఎక్కడికి వెళ్ళుచున్నారు?" అని కేకేశారు చిదానందం గారు.

"ఐదో అంశమండీ!" అన్నారు సూరిబాబు గారు ఆగకుండానే.

బయట ఎండ మండిపోతోంది. ముందు యేసురత్నం గారు, వెనక మేము, మా వెనక ఏమీ అర్థం కాని మార్టిన్ బృందం బాకాలు, డప్పులు మోసుకుంటూ. చేపల బజారు మీదుగా వెళ్తుంటే బేరాలు ఆగిపోయాయి. "ఎవరు పోయార్రా?" అని ఒకావిడ అడిగింది. "ఎవరో పెద్ద మనిషే అయ్యుంటాడు, మేళం కూడా ఉంది," అని ఇంకొకావిడ చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు. పక్కనే తెలుగు మాస్టారు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఈసారి పాల గురించి కాదు, నవ్వలేక.

యేసురత్నం గారు తిన్నగా మా హైస్కూల్లోకి వెళ్ళి, పదో తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు.

గేటు దగ్గర సూరిబాబు గారు ఈల ఊదారు. ఆ రోజు ఆయన ఊదిన మొదటి ఈల అదే. "ఆదర్శ శ్రోత గారు బడికొచ్చారండీ! ఉత్తర్వుల ప్రకారం ఎవరి బడికి వాళ్ళు! దూరపు మండలాల వాళ్ళు మూడింటి బస్సెక్కండి!"

నేను సుద్దముక్క తీసుకున్నాను. బోర్డు మీద ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక స్విచ్చి వేశాను. నూకరత్నం అప్పటికే పుస్తకం తెరిచి పెట్టుకుంది. మధ్యలో నేను తీగ మందం గురించి చెబుతుంటే వెనక బెంచీ నుంచి యేసురత్నం గారు తల పంకించాడు. కిటికీ బయట మార్టిన్ గారు చెట్టు నీడన చతికిలబడి మంచినీళ్ళు తాగుతున్నాడు.

పాఠం సగంలో ఉన్నతస్థాయి బృందం గుమ్మంలోకి వచ్చింది. వెనక చిదానందం గారు పాలిపోయిన మొహంతో ఉన్నారు. బృందంలో పెద్దాయన గది అంతా కలియజూశారు. నేను చెప్పడం ఆపలేదు. ఆపితే ఏమవుతుందో అని భయం.

"ఇది ఏమిటి?" అని అడిగారాయన.

చిదానందం గారు నోరు తెరిచారు. పైకీ కిందికీ చూశారు. తర్వాత ఆయన గొంతు గంభీరమైంది. "ఇది సంచార శ్రోతృ వ్యవస్థ సార్. ప్రేక్షకులు ప్రదర్శన వద్దకు వచ్చు పాత పద్ధతికి స్వస్తి పలికి, ప్రేక్షకులే జిల్లా నలుమూలలకు విస్తరించు నూతన ప్రయోగము. హాలుతో గానీ కళాకారులతో గానీ నిమిత్తము లేదు. కరెంటు ఖర్చు పూర్తిగా ఆదా."

పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "అద్భుతం," అన్నారు.

*

నెల తిరిగేలోగా చిదానందం గారికి ప్రమోషన్ వచ్చి రాజధానికి వెళ్ళిపోయారు. అక్కడ ఈ వ్యవస్థ మీద పుస్తకం రాస్తున్నారని విన్నాం. మేము ఇప్పటికీ కాగితం మీద ప్రేక్షక విధుల్లోనే ఉన్నాం. రోజూ మా బడుల్లో పాఠాలు చెబుతూ విస్తరించి ఉన్నామని నెలనెలా నివేదిక వెళ్తుంది. మా పిల్లలు పరీక్షలు బాగానే రాశారు. నూకరత్నం పాలిటెక్నిక్ లో ఎలక్ట్రికల్ సీటు తెచ్చుకుంది. హాలు తలుపులు మూసే ఉన్నాయి.

మార్టిన్ బృందం వెళ్ళిపోయే ముందు పాత రేవుగట్టు మీద ఒక సాయంత్రం వాయించింది. ఎవరికీ ఉత్తర్వులు లేవు. ఓ ముప్పై మంది దాకా ఉన్నారు, వలలు బాగుచేసుకునేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, రెండు కుక్కలు, చేపలు వేయించి అమ్మే ఒకావిడ. మా ఆయనా నేనూ కూడా వెళ్ళాం. యేసురత్నం గారు గట్టు అంచున కాళ్ళు వేలాడేసుకుని, కళ్ళు మూసుకుని, తనకిష్టమైనట్టు ఊగుతున్నాడు. ఎవరూ ఆయన్ని చూసి ఊగడం లేదు. ఒక కుక్క మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

నేను శ్రద్ధగానే విన్నాను. చాలాసేపు విన్నాను. ఒక పాట ఎక్కడ అయిపోయిందో, ఇంకో పాట ఎక్కడ మొదలైందో కూడా పోల్చుకోలేకపోయాను. చివరికి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఏమీ అనుకోకండి యేసురత్నం గారూ. నాకు ఇప్పటికీ నచ్చలేదు."

ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి, ఒక కాగితం పొట్లం నా వైపు జరిపాడు.

"నచ్చక్కర్లేదండి అమ్మగారూ. ఆ చేప తినండి, వేడిగా ఉంది."

తిన్నాను. చాలా బాగుంది.